బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మనసు కుదుటపడాలంటే: గోదావరి జిల్లాల వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

నాకు స్లీవ్ ఆపరేషన్ అయిన నాలుగో నెలలో సంక్రాంతి వచ్చింది. అప్పటికి ఇరవై రెండు కిలోలు తగ్గాను. అమలాపురం దగ్గర మా పుట్టింట్లో అందరం చేరాం. మా మేనత్త ఆత్రేయపురం పూతరేకుల డబ్బా విప్పి, "నీకోసమే తెచ్చానే, ఒక్కటి తిను, ఏం కాదు" అని చేతిలో పెట్టింది. సగం తిన్నాను. పావుగంటకి గుండె దడ, ఒళ్లంతా చెమటలు, కళ్లు తిరగడం. పెరట్లోకి వెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. దడ అరగంటలో తగ్గింది, ఏడుపు మాత్రం తగ్గలేదు. ఈ ఇంట్లో నా మీద ప్రేమ చూపించడానికి వీళ్లకి తెలిసిన దారి ఇదొక్కటే, అది కాస్తా మూసుకుపోయింది అనిపించింది.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రి వాళ్లు డైట్ చార్టు ఇచ్చారు, విటమిన్ మాత్రలు రాశారు, ఏ వారం ఏం తాగాలో చెప్పారు. మనసు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పటికి ఐదేళ్లయింది. అందులో ఏడాదిన్నర థెరపీకి వెళ్లాను. మన వైపు నుంచి ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎవరు కనబడినా కూర్చోబెట్టి మాట్లాడాను. నేను డాక్టర్ని కాదు. ఆ రోజు పెరట్లో ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నవన్నీ వరసగా రాస్తున్నాను.

స్లీవ్‌లో పొట్టలో దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలుపుతారు. రెండింటిలోనూ ఆకలి తగ్గుతుంది, పట్టే తిండి తగ్గుతుంది. కానీ అన్నాళ్లూ తిండి మనకి చాలా పనులు చేసి పెట్టింది. కోపం మింగడానికి, ఒంటరితనం మరిచిపోవడానికి, చుట్టాల మధ్య ఇమిడిపోవడానికి అదే ఆసరా. ఆపరేషన్‌తో ఆ ఆసరా పోతుంది, అవసరాలు మాత్రం అలాగే ఉంటాయి. ఒక్కో అవసరానికి ఒక్కో కొత్త ఆసరా ఎలా వెతుక్కోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

1. ముందు రక్తపరీక్ష

దిగులు, చిరాకు, మతిమరుపు, ఎప్పుడూ నీరసం. ఇవి మొదలైతే మనసుకి ఏదో అయిందని నిర్ణయించుకునే ముందు ల్యాబుకి వెళ్లండి. బీ12 తగ్గితే అచ్చం డిప్రెషన్‌లాగే ఉండొచ్చు. ఐరన్ తగ్గితే ఏ పనికీ ఒళ్లు లేవదు. హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, థైరాయిడ్ చూడమని మీ సర్జన్‌ని అడగండి. నా మొదటి ఏడాది దిగుల్లో కొంత బీ12 లోపానిదే. ఇంజెక్షన్లు పడ్డాక పొద్దున్నే లేవడం తేలికైంది. అయినా కొంత దిగులు మిగిలింది, దానికి థెరపీ కావాల్సి వచ్చింది. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

ఒక్కటి మాత్రం వాయిదా వెయ్యకండి. రోజుల తరబడి వాంతులవుతూ, అయోమయంగా మాట్లాడడం, నడకలో తూలడం, ఒక వస్తువు రెండుగా కనబడడం మొదలైతే విటమిన్ బీ1 బాగా పడిపోయి ఉండొచ్చు. టెన్షన్ అనో, గాలి సోకిందనో ఇంట్లో కూర్చోబెట్టకూడదు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడి డాక్టర్‌కి మొదటి మాటగా ఈ ఆపరేషన్ సంగతి చెప్పాలి.

అంతకుముందే డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ముఖ్యంగా బైపాస్ తర్వాత కొన్ని మాత్రలు ఒంటికి పట్టే తీరు మారుతుంది. నెమ్మదిగా కరిగేలా తయారు చేసిన మాత్రలతో ఈ ఇబ్బంది ఎక్కువ. పాత మోతాదు పనిచెయ్యట్లేదనిపిస్తే సొంతంగా పెంచొద్దు, మానొద్దు. లిథియం వాడేవాళ్లయితే రక్తంలో దాని స్థాయిని సైకియాట్రిస్ట్ చెప్పినన్నిసార్లు చూపించుకుని తీరాలి.

2. ఏ నెలలో ఏం వస్తుందో తెలుసుకోండి

మొదటి నెలలో చాలామందికి "ఎందుకు చేయించుకున్నానా" అన్న పశ్చాత్తాపం వస్తుంది. వంటింట్లో పోపు వాసన వస్తుంటే మనం పల్చటి పప్పుకట్టు చెంచాతో తాగుతూ ఉంటాం. ఇది మామూలే, మెత్తటి ఆహారంలోకి వచ్చేసరికి తగ్గుతుంది.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలుతుంది. దువ్వెన నిండా జుట్టు చూసి భయపడని ఆడదాన్ని నేను చూడలేదు. బరువు వేగంగా తగ్గినప్పుడు ఒళ్లు ఇలా చేస్తుంది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందితే చాలామందికి మళ్లీ వస్తుంది.

మొదటి ఏడాది, ఏడాదిన్నర బరువు దిగుతూనే ఉంటుంది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. ఆ మెప్పులో మనసు సంగతి మనకే కనబడదు. కష్టం వచ్చేది రెండో ఏడాదిలో. కాటా ముల్లు ఆగిపోతుంది, మెచ్చుకునేవాళ్లు అలవాటుపడిపోతారు, ఆకలి కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది, పాత బాధలు పాత చోటే ఉంటాయి. ఆసుపత్రికి వెళ్లడం మానేసేది కూడా సరిగ్గా అప్పుడే. అందుకే ఆపరేషన్ తేదీకి పద్దెనిమిది నెలలు కలిపి, ఆ తేదీని ఇంట్లో వాళ్ల ఫోన్లలో కూడా పెట్టించండి. ఆ రోజుల్లో మీరు బాగున్నామని చెప్పినా ఇంకోసారి అడగమని చెప్పండి.

3. తిండి మీకు ఏ పని చేసి పెట్టేదో రాసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. క్యాలరీలు రాయొద్దు. తినాలనిపించిన ప్రతిసారీ మూడే రాయండి: టైము, ఏది తినాలనిపించింది, దానికి అరగంట ముందు ఏం జరిగింది. తిన్నారా లేదా అన్నది రాయక్కర్లేదు. అది రాస్తే నోట్‌బుక్ పోలీసు రిపోర్టులా తయారై మూడో రోజుకి మానేస్తారు.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది. "మంగళవారం, 5:40. మిరపకాయ బజ్జీ. ఆడపడుచు ఫోను పెట్టేశాక." రెండు రోజుల తర్వాత "గురువారం, 4:15. కాజా. ఇంట్లో ఎవరూ లేరు." పద్నాలుగు రోజులు పూర్తయ్యేసరికి నాకు కారం కోపం వచ్చినప్పుడు, తీపి ఒంటరిగా ఉన్నప్పుడు కావాలనిపిస్తుందని తెలిసిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు బతికి అది తెలుసుకోలేదు.

భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయన ఇదే పని చేశాడు. ఆయనకి రాత్రి ఒంటిగంటకి ఆకలి. ఆపరేషన్‌కి ముందు ఆ టైములో చెరువుగట్టు మీద పరోటాలు తినేవాడు. పుస్తకం రాస్తే బయటపడింది ఏమిటంటే, ఆ టైములో ఆయనకి ఉన్నది భయం. కరెంటు పోయి ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, పెట్టుబడంతా పోతుంది. ఆ భయాన్ని ఇన్నేళ్లూ పరోటాతో అణిచాడు. ఇప్పుడు పక్క చెరువు రైతుతో మాట్లాడుకుని రోజూ ఒంటిగంటకి ఇద్దరూ ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడుకుంటున్నారు. జనరేటర్ చూసుకున్నావా అంటే చూసుకున్నావా అని.

కడుపు ఆకలినీ మనసు ఆకలినీ విడదీయడానికి ఒక ప్రశ్న ఉంది. "ఉడకబెట్టిన గుడ్డు పెడితే తింటానా?" తింటాను అంటే కడుపుది. కాదు, తాపేశ్వరం కాజాయే కావాలంటే మనసుది. కడుపు ఆకలి నెమ్మదిగా పెరుగుతుంది, ఏది పెట్టినా ఊరుకుంటుంది. మనసు ఆకలి ఒక్కసారిగా వస్తుంది, ఒక్కటే కోరుతుంది. చాలాసార్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో దానంతటదే దిగుతుంది కూడా.

ఆ ఇరవై నిమిషాలకి ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోవాలి. కోపానికి ఒకటి, ఒంటరితనానికి ఒకటి, అలసటకి ఒకటి. అన్నిటికీ వాకింగ్ అని రాసుకుంటే కుదరదు. అలసిపోయినప్పుడు పడుకోవాలి. కోపం వస్తే నేను అనలేకపోయిన మాటలు కాగితం మీద పచ్చిగా రాసి చింపేస్తాను. ఒంటరిగా అనిపిస్తే కాలవగట్టు మీదికి వెళ్తాను, ఎవరో ఒకరు "ఏవండీ, బాగున్నారా" అని పలకరిస్తారు. భయానికి శ్వాస: నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, పదిసార్లు.

4. పోయిన తిండి కోసం దుఃఖపడండి

దీన్ని జనం చిన్నచూపు చూస్తారు. "తిండి కోసం ఏడుపేంటి?" అంటారు. వరదకి ఎర్రనీరు రాగానే పులస కోసం ఎదురుచూసే ఊళ్లలో, పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లలో, ఆ మాట అనకూడదు. చేప మనం తినొచ్చు, ప్రొటీన్ కాబట్టి మంచిదే. కానీ నాలుగు ముద్దలకే కడుపు చాలంటుంది. పోయింది ఆ పూట పెరిగే సందడి, చెయ్యి ఎండిపోయేదాకా పీటల మీద చెప్పుకునే కబుర్లు.

మా థెరపిస్ట్ నన్ను ఇష్టమైన ఒక వంటకానికి ఉత్తరం రాయమన్నారు. నాకు సిగ్గేసింది. అయినా చేపల పులుసుకి రాశాను. రాస్తూ రాస్తూ మూడో పేజీకి వచ్చేసరికి పులుసు సంగతి పోయి మా నాన్న చెయ్యి వచ్చింది. చిన్నప్పుడు ముల్లు తీసి ముక్క నా కంచంలో పెట్టేవారు. ఆయన పోయి పదకొండేళ్లు. ఆయన కోసం నేను సరిగ్గా ఏడవలేదని, ఆ దుఃఖాన్ని అన్నేళ్లూ అన్నంలో కలిపి తిన్నానని ఆ రోజు తెలిసింది.

మీరూ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. రాసేటప్పుడు ఇంట్లో ఒంటరిగా ఉండకుండా చూసుకోండి, పక్క గదిలో ఎవరో ఒకరు ఉంటే చాలు.

5. విస్తరి ముందు కూర్చోవడం

మన దగ్గర పెళ్లిళ్లు, నోములు, తీర్థాలు, పుట్టినరోజులు అన్నీ భోజనంతోనే. కొత్త అల్లుడికి ఎన్ని రకాలు పెట్టారన్నది ఊరంతా లెక్కపెట్టే ప్రాంతం మనది. వద్దంటే తిండిని వద్దన్నట్టు కాదు, మనిషిని వద్దన్నట్టు తీసుకుంటారు. అందుకే డైట్ చార్టు ఇక్కడ పనికిరాదు, మాటలు కావాలి.

ఎవరికి ఎంత చెప్పాలో ముందు తేల్చుకోండి. భర్త లేదా భార్య, కన్నవాళ్లు, ఒక స్నేహితురాలు: వీళ్లకి అంతా చెప్పండి. దగ్గరి చుట్టాలకి "పొట్టకి ఆపరేషన్ అయింది, కొంచెం కొంచెం తినాలి" చాలు. మిగతావాళ్లకి ఏమీ చెప్పక్కర్లేదు. "చిక్కిపోయావేంటమ్మా, షుగరు వచ్చిందా?" అని ఎవరైనా అంటే, "లేదండీ, డాక్టరుగారి సలహా మీద తగ్గాను, ఆరోగ్యం బాగుంది" అని ఆగిపోండి. వివరిస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. ముఖం పీక్కుపోయిందని, దిష్టి తగిలిందని అంటే వాదించకుండా దిష్టి తీయించుకోండి. అందులో మనకి పోయేదేమీ లేదు, వాళ్ల ఆదుర్దా తగ్గుతుంది.

ఫంక్షన్‌కి బయల్దేరే ముందు ఇంట్లో గుడ్డో, పెరుగో, పనీరో తినండి. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి అన్న నియమం మరిచిపోవద్దు. విస్తరిలో వేసింది వదిలేయడం ఇబ్బందిగా ఉంటే మన ఊళ్లలో ఒక మంచి ఉపాయం ఉంది, వడ్డనకి నిలబడండి. గరిటె పట్టుకున్నవాళ్లని తినమని ఎవరూ బలవంతపెట్టరు. పైగా సందడి మధ్యలోనే ఉంటాం, ఒక మూల దాక్కోనక్కర్లేదు. మొదటి రెండేళ్లూ నేను పెళ్లిళ్లలో ఇదే చేశాను.

అమ్మల సంగతి వేరు. మా అమ్మకి నేను తినకపోవడం పెద్ద అవమానం. ఆవిడ కూతురి మీద ప్రేమ చూపించే పనిని ఆవిడ చేతిలోంచి నేను లాగేసుకున్నాను. అది అర్థమయ్యాక, "అమ్మా, జుట్టు ఊడిపోతోంది, నూనె రాసిపెట్టవే" అని వెళ్లి ముందు కూర్చున్నాను. ఆదివారం ఆదివారం రాసేది. రాస్తూ తను ఎప్పుడూ చెప్పని మాటలు చెప్పేది. మా మేనత్తకి కూడా ఒక పని చెప్పాను. నా పాత జాకెట్లన్నీ కుట్లు విప్పి బిగించి ఇమ్మన్నాను. మీ ఇంట్లో ఎవరైతే ఎక్కువ బలవంతపెడతారో వాళ్లకి ఇలాంటి పని ఒకటి వెతకండి. ఒట్టి "వద్దు"తో ఎన్నాళ్లయినా గొడవ తెగదు.

6. అద్దంలో కనబడే మనిషి

ఒళ్లు తగ్గినంత వేగంగా మెదడు దాన్ని గుర్తించదు. ముప్పై కిలోలు తగ్గాక కూడా నేను షేర్ ఆటోలో ఒకరి చోటు వదిలి అంచున కూర్చునేదాన్ని, ప్లాస్టిక్ కుర్చీ విరుగుతుందేమోనని చేత్తో నొక్కి చూసేదాన్ని. ప్రతి నెలా ఒకటో తేదీన ఒకే గోడ ముందు, ఒకే బట్టల్లో ఫోటో తీసుకోండి. టైలర్ దగ్గర ఇచ్చే కొలతలు కూడా రాసుకోండి. కాటా ఆగిన నెలల్లో ఆ కొలతలే ధైర్యం.

వేలాడే చర్మం గురించి ఎవరూ ముందు చెప్పరు. మన ఉక్కపోతకి ఆ మడతల్లో చెమట పట్టి ఒరుసుకుపోతుంది. పొడిగా తుడుచుకోవడం, నూలుబట్టలు, పుండు పడితే చర్మ డాక్టరు. చర్మం తీయించుకునే ఆపరేషన్ బరువు నిలకడగా ఉన్న తర్వాతే ఆలోచించాలి. ఈలోగా రోజుకి రెండు నిమిషాలు అద్దం ముందు నిలబడి కనబడేదాన్ని తీర్పు లేకుండా చెప్పుకోండి. "అసహ్యంగా ఉంది" అనకుండా "పొట్ట కింద మడత ఉంది, చేతులు సన్నబడ్డాయి, మెడ ఎముక కనబడుతోంది" అని. థెరపీలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన అభ్యాసం ఇది. రెండు నెలలు పట్టింది.

7. ఆలుమగల మధ్య

స్వీడన్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో రెండు సంగతులు కనబడ్డాయి. ఒంటరిగా ఉన్నవాళ్లకి కొత్త తోడు దొరకడం పెరిగింది, పెళ్లయినవాళ్లలో విడిపోవడాలు కూడా పెరిగాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు. మనిషిలో ధైర్యం పెరిగితే ఇంట్లో పాత సర్దుబాట్లు కదులుతాయి. ఇదివరకు నోరెత్తని భార్య ఇప్పుడు అడుగుతుంది. భర్తకి లోపల భయం మొదలవుతుంది, బయటికి వెటకారంగా వస్తుంది. థెరపీలో ఒకటి రెండు సిట్టింగులకి ఇద్దరూ కలిసి వెళ్లడం అందుకే అవసరం.

పిల్లల కోసం ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. బరువు తగ్గితే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, అయితే ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. బైపాస్ అయినవాళ్లకి గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు, గైనకాలజిస్ట్‌ని అడిగి వేరే పద్ధతి ఎంచుకోవాలి. "ఇంకా ఏం ఆలస్యం" అని ఒత్తిడి పెట్టే అత్తగార్లని డాక్టర్ దగ్గరికి ఒకసారి వెంట తీసుకెళ్లండి. ఆ మాట డాక్టర్ చెబితే వింటారు.

పెళ్లి కావాల్సిన అమ్మాయిలు, అబ్బాయిలు సంబంధం చూసేటప్పుడు చెప్పాలా అంటే, నా అభిప్రాయం చెప్పాలనే. నిశ్చితార్థానికి ముందు, పెద్దల ద్వారా కాకుండా నేరుగా ఆ మనిషికే. దాచిన రహస్యాన్ని మోస్తూ ప్రతి పూటా విస్తరి ముందు నాటకం ఆడడం కన్నా ఆ ఒక్క సంభాషణ తేలిక.

8. థెరపిస్ట్‌ని వెతకడం

ముందు తేడా తెలుసుకోండి. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం తప్పు కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఆ శిక్షణ ఉండదు.

ఎక్కడికి వెళ్లాలి? కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాజమండ్రి, భీమవరం, ఏలూరుల్లో ప్రైవేటు సైకియాట్రిస్ట్‌లు ఉన్నారు. దగ్గర్లో క్లినికల్ సైకాలజిస్ట్ దొరక్కపోతే విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో చేయొచ్చు. నేను అలాగే చేశాను. ఇంట్లో చాటు లేక కొబ్బరితోటలో మోటారు షెడ్డు దగ్గర కూర్చుని మాట్లాడేదాన్ని. ఎవరితో మాట్లాడాలో తేలనప్పుడు టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది.

మొదటిసారి ఈ నాలుగూ అడగండి. బేరియాట్రిక్ ఆపరేషన్ (ఈ బరువు తగ్గే ఆపరేషన్) అయినవాళ్లని ఇంతకుముందు చూశారా? తిండి సమస్యలకి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ చేస్తారా? తెలుగులోనే మాట్లాడొచ్చా? అవసరమైతే మా సర్జన్‌తో మాట్లాడతారా? మొదటి ప్రశ్నకి లేదు అన్నా ఫర్వాలేదు, తెలుసుకుంటాను అంటే చాలు. "మీకేం తక్కువమ్మా, పాజిటివ్‌గా ఉండండి" అని పంపించేవాళ్లయితే రెండోసారి వెళ్లకండి. నాకు అలాంటివాళ్లు ఒకరు తగిలారు, దాంతో మూడు నెలలు ఇంకెవరి దగ్గరికీ వెళ్లలేదు. అది నా జీవితంలో వృథా అయిన కాలం.

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో జరిగేది సూటిగా ఉంటుంది. "బొబ్బట్టు ముక్క తిన్నాను, ఇక అంతా పాడైపోయింది, ఆపరేషన్ దండగ" అన్న ఆలోచన వచ్చిందనుకోండి. ఆ ఆలోచనని కాగితం మీద పెట్టిస్తారు. దానికి సాక్ష్యం ఏమిటి, వ్యతిరేక సాక్ష్యం ఏమిటి అని అడుగుతారు. ఆ ఆలోచన వచ్చాక మీరేం చేశారో చూపిస్తారు. సాధారణంగా ఇంకో రెండు బొబ్బట్లు తిని ఉంటాం. తర్వాతి వారానికి ఇంటిపని ఇస్తారు. చాలామందికి పది పన్నెండు సిట్టింగుల్లో తేడా తెలుస్తుంది. నాకు పాత దుఃఖం కూడా ఉంది కాబట్టి ఎక్కువ పట్టింది.

ఊళ్లో తెలుస్తుందేమోనన్న భయం నిజమైనదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మానసిక అనారోగ్యానికి కూడా శరీర అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. మీ పాలసీ కాగితాలు తీసి చూడండి.

9. తిండి చోటులోకి వచ్చేవి

తిండి వదిలిన చోటులోకి ఇంకొకటి వచ్చి కూర్చోవచ్చు. అన్నిటిలోకీ ప్రమాదం మందు. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. ఇదివరకు మూడు పెగ్గులకి ఎక్కేది ఒక్కదానికే ఎక్కుతుంది. తాగుడు సమస్యగా మారే ప్రమాదం రెండో ఏడాది నుంచి పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఇదివరకు పెద్దగా అలవాటు లేనివాళ్లలో కూడా. పండగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర తిరిగే తమ్ముళ్లకి చెబుతున్నాను, అసలు ముట్టుకోకపోవడమే మేలు. ఆన్‌లైన్ పేకాట, కొనుగోళ్ల పిచ్చి కూడా ఇదే కోవలోకి వస్తాయి. నెలకోసారి ఇంట్లో ఒకరిని అడగండి: "నేను దేంట్లోనైనా అతిగా పడిపోయానా?"

ఇంకో కష్టమైన మాట. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి తమకి తాము హాని చేసుకునే ప్రమాదం తర్వాతి ఏళ్లలో పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి. బరువు తగ్గి, అందరూ మెచ్చుకుంటున్నప్పుడు "నాకు బతకాలని లేదు" అని చెప్పడం మరీ కష్టం. ఆ ఆలోచన వస్తే ఆ రోజే ఒక మనిషికి ఆ మాటే చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి. ప్రమాదం ఆ క్షణంలో ఉంటే 108. ఇంట్లోవాళ్లు అయితే సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. పురుగుమందు డబ్బాలు చేతికందేచోట ఉండే వ్యవసాయ కుటుంబాలు మనవి. వాటిని వేరే ఇంటికి పంపించేయండి, లేదా తాళం వేసి తాళం ఇంకొకరి దగ్గర పెట్టండి.

10. బరువు కొంచెం తిరిగి వచ్చినప్పుడు

రెండేళ్లు దాటాక కొన్ని కిలోలు తిరిగి రావడం చాలామందిలో జరుగుతుంది. నాకు మూడో ఏడాదిలో ఆరు వచ్చాయి. సిగ్గుతో సర్జన్ దగ్గరికి ఎనిమిది నెలలు వెళ్లలేదు. అక్కడే పొరపాటు చేశాను. అందరూ చేసేది అదే. వెళ్లాక తెలిసింది, నేను పూటకి ఎక్కువ తినట్లేదు, రోజంతా జంతికలు, కారప్పూస కొంచెం కొంచెం నములుతూ ఉన్నాను. పొట్ట చిన్నదైనా అలా నమిలేవాటికి అడ్డు రాదు.

మూడో అడుగులో చెప్పిన నోట్‌బుక్‌ని మళ్లీ తియ్యండి, రెండు వారాలు రాయండి. రక్తపరీక్ష చేయించండి. కాటా వారానికి ఒక్కసారే, ఒకే రోజు, ఒకే టైముకి. ఇవి చేస్తూనే సర్జన్‌కి, థెరపిస్ట్‌కి ఒకే వారంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫోన్ చెయ్యడానికి చెయ్యి రాకపోతే మీ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్‌లో చెయ్యండి. నాకు ఆ రోజు ఫోన్ కలిపి ఇచ్చింది మా మేనత్త.